కనిగిరిలో స్కాన్, నెల్లూరులో రిపోర్టు: బొమ్మతో పాటు మనిషి వివరం కూడా రావాలి

ప్రశ్న: కనిగిరిలో ఇరవై పడకల నర్సింగ్ హోమ్ నడుపుతున్నాం. డిజిటల్ ఎక్స్‌రే ఉంది, ఈమధ్యే 16 స్లైస్ సీటీ కూడా పెట్టాం. రేడియాలజిస్టు లేరు. మా టెక్నీషియన్ ఫిల్మును ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నాడు, అవతల డాక్టర్ గారు చూసి చెబుతున్నారు. ఇది సరిపోతుందా? పద్ధతిగా చేయాలంటే ఎంత నెట్, ఏ సాఫ్ట్‌వేర్ కావాలి? అల్ట్రాసౌండ్ కూడా ఇలా దూరం నుంచి చేయించుకోవచ్చా?

జవాబు: డాక్టర్ గారూ, నేను నెల్లూరులో రేడియాలజిస్టుని. పందొమ్మిదేళ్ళుగా కావలి, ఉదయగిరి, పొదిలి, కందుకూరు వైపు నుంచి వచ్చే స్కాన్లు చదువుతున్నాను. మొదట్లో ఫిల్ములు కవర్లో పెట్టి, పైన పేరు రాసి, ఆర్టీసీ బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపేవాళ్ళు. బస్టాండులో మా కాంపౌండర్ కాచుకుని ఉండేవాడు. ఆ రోజుల నుంచి చూస్తున్నాను కాబట్టి, ఏ దారిలో ఏది పోతుందో కొంత తెలుసు.

మీ మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను. వాట్సాప్ ఫోటో సరిపోదు. ఎందుకు సరిపోదో నాకు జరిగిన ఒక సంగతితో చెబితే మీకు బాగా అర్థమవుతుంది.

కొన్నేళ్ళ కింద ఒక రాత్రి మెట్ట ప్రాంతంలోని ఒక చిన్న ఆసుపత్రి నుంచి తల స్కాన్ ఫోటో వచ్చింది. ఒకే ఫిల్ము మీద ఇరవై బొమ్మలు. దాన్ని లైటు బాక్సు మీద పెట్టి తీసిన ఫోటో, మూలన ట్యూబ్‌లైట్ మెరుపు కూడా పడింది. అరవై దాటిన పెద్దాయన, బండి మీద నుంచి పడ్డాడు, ఒక వాంతి అయింది. నేను ఫోన్లో పెద్దది చేసి చూశాను. మెదడులో రక్తం కనిపించలేదు. "ఇప్పటికి బాగానే ఉంది" అని మెసేజ్ పెట్టాను. మర్నాడు సాయంత్రానికి ఆయన మగతగా ఉన్నాడని నెల్లూరు తీసుకొచ్చారు. పాత స్కాన్ అసలు ఫైళ్ళు సీడీలో తెచ్చారు. మా కంప్యూటర్లో తెరిచి విండో (బొమ్మలో తెలుపు నలుపుల హద్దు) మార్చగానే ఎడమ పక్క పుర్రె ఎముకను అంటుకుని సన్నటి రక్తపు పొర కనిపించింది. మొదటి రోజే ఉంది అది. సకాలంలో ఆపరేషన్ జరిగి ఆయన బతికారు. కానీ ఆ మెసేజ్ నేను పెట్టకుండా ఉండాల్సింది. ఆ రోజు నుంచి తల స్కాన్‌ను ఫోటో చూసి తేల్చడం మానేశాను.

అక్కడ జరిగింది ఏమిటంటే, సీటీ యంత్రం కొలిచేది అంకెలు. నీళ్ళకు 0, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు ప్లస్ 1000, అంతకు పైన కూడా. మెదడు సుమారు 25 నుంచి 40 మధ్య ఉంటుంది. కొత్తగా కారిన రక్తం సుమారు 50 నుంచి 70. ఇన్ని వేల మెట్లలో మనకు కావలసిన తేడా ఇరవై ముప్పై మెట్లు. ఒక్కో చుక్కలో నాలుగు వేలకు పైగా స్థాయిలు దాగి ఉంటే, ఫోటోలో మిగిలేది 256 బూడిద రంగు ఛాయలే. అందుకే మేం విండో మారుస్తూ చూస్తాం, అంటే ఆ 256 ఛాయలను ఏ అంకెల మధ్య పరచాలో మారుస్తాం. మెదడుకు 80 అంకెల వెడల్పు, ఊపిరితిత్తులకు 1500, ఎముకకు ఇంకా ఎక్కువ. 80 వెడల్పులో ఎముకా తెల్లగానే ఉంటుంది, దాన్ని అంటుకున్న సన్నటి రక్తమూ తెల్లగానే ఉంటుంది, రెండూ కలిసిపోతాయి. వెడల్పు 200 దాకా పెంచితే రక్తపు పొర ఎముక నుంచి విడిపోయి కనిపిస్తుంది. ఫిల్ము అచ్చు వేసిన క్షణానే మీ టెక్నీషియన్ ఒక విండోను ఖాయం చేసేశాడు. దాన్ని ఫోటో తీసినప్పుడు ఇంకొంత పోయింది, వాట్సాప్ కుదించినప్పుడు మరికొంత. అవతల డాక్టరు ఎంత అనుభవం ఉన్నవారైనా పోయిన అంకెను తిరిగి తేలేరు. ఎక్స్‌రేలోనూ ఇంతే. ఛాతీలో గాలి చేరినప్పుడు కనిపించే వెంట్రుకవాసి గీత ఫోటోలో మొదట మాయమయ్యేది.

కాబట్టి పంపాల్సింది డైకామ్ ఫైలు, అంటే యంత్రం కొలిచిన అంకెలన్నీ ఉండే అసలు బొమ్మ ఫైలు. అమెరికాలో రేడియాలజిస్టుల కాలేజీ, యంత్రాల తయారీదారుల సంఘం కలిసి 1983లో కమిటీ వేసి, 1985లో మొదటి ప్రమాణం తెచ్చి, 1993లో దానికి డైకామ్ అని పేరు పెట్టాయి. అంతకు ముందు ఒక కంపెనీ యంత్రం తీసిన బొమ్మ ఇంకో కంపెనీ కంప్యూటర్లో తెరుచుకునేది కాదు. ఇప్పుడు మీ సీటీ ఏ కంపెనీదైనా, మీ డిజిటల్ ఎక్స్‌రే ఏదైనా, డైకామ్ పంపగలవు. మీకు యంత్రం బిగించిన ఇంజనీరును పిలిచి "డైకామ్ సెండ్ ఆన్ చేసి, ఒక నోడ్ కలపండి" అనండి, అతనికి అరగంట పని. నోడ్ అంటే బొమ్మలు చేరాల్సిన కంప్యూటర్. ఈ డైకామ్ సెండ్ లైసెన్సుకు వేరే డబ్బు అడిగితే కొనుగోలు ఒప్పందం తీసి చూడండి, చాలాసార్లు అది అందులోనే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. ఒక మామూలు కంప్యూటర్, అందులో ఆర్థాంక్ అనే ఉచిత సర్వర్ (బొమ్మలను అందుకుని దాచి పంపే ప్రోగ్రాం) చాలు. బెల్జియంలోని లియేజ్‌లో పుట్టింది, ప్రపంచమంతా వాడుతున్నారు. యంత్రం బొమ్మలను దానికి పంపుతుంది, అది వాటిని కుదించి అవతలి సర్వర్‌కు పంపుతుంది. కుదింపు మాత్రం నష్టం లేని రకమే పెట్టించండి. దాంతోనూ సైజు సగానికో, మూడో వంతుకో తగ్గుతుంది, ఒక్క అంకె కూడా మారదు. మీ దగ్గర చూసుకోవడానికి వీయాసిస్ అనే ఉచిత వ్యూయర్ ఉంది. ఒక్క జాగ్రత్త. ఆ సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టొద్దు. వీపీఎన్ (రెండు కంప్యూటర్ల మధ్య బయటివాళ్ళు చూడలేని దారి) ఉండాలి, పాస్‌వర్డ్ ఉండాలి. బొమ్మ ఫైలులోనే రోగి పేరు, వయసు, తేదీ అన్నీ ఉంటాయి. దూరం నుంచి స్కాన్లు చదివి రిపోర్టు ఇచ్చే కంపెనీతో ఒప్పందం చేసుకుంటే ఈ ఏర్పాటంతా వాళ్ళే చేస్తారు, కానీ బొమ్మల నకలు మీ దగ్గర కూడా ఉండేలా చూసుకోండి. రేపు ఆ కంపెనీ మారితే పాత స్కాన్లన్నీ వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి.

ఇక నెట్. ఒక సీటీ బొమ్మ సుమారు అర ఎంబీ. ఒక మిల్లీమీటరు ముక్కలుగా కడుపు స్కాన్ తీస్తే నాలుగు వందల బొమ్మలు, అంటే 200 ఎంబీ. మీ అప్‌లోడ్ వేగం (బొమ్మలు బయటికి పోయే వేగం) 20 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 20 మెగాబిట్లు (ఎనిమిది బిట్లు ఒక బైటు) అయితే ఒకటిన్నర నిమిషంలోపే పోతుంది. 2 ఎంబీపీఎస్ అయితే పదమూడు నిమిషాలు దాటుతుంది. చాలామంది డౌన్‌లోడ్ వేగం చూసి సంతోషపడతారు. మనకు కావలసింది అప్‌లోడ్. కనెక్షన్ ఇచ్చేవాణ్ణి అదే అడగండి. ఫైబర్ ఒకటి, అది తెగినప్పటికి వేరే కంపెనీ 4జీ డాంగిల్ ఒకటి పెట్టుకోండి. రూటర్‌ను, ఆ కంప్యూటర్‌ను ఇన్వర్టర్ మీద ఉంచండి. సీటీ జనరేటర్ మీద ఉండి, రూటర్ మామూలు కరెంటు మీద ఉండటం నేను చాలా చోట్ల చూశాను. స్కాన్ అయిపోతుంది, బొమ్మ మాత్రం కదలదు.

నెట్ నెమ్మదిగా ఉన్న రోజున ఒక ఉపాయం చేయండి. పక్షవాతమో, తలకు దెబ్బో వస్తే ముందు 5 మిల్లీమీటర్ల మందం ముక్కలు పంపండి. ముప్పై బొమ్మలు, పదిహేను ఎంబీ. ఎంత నీరసం నెట్ అయినా నిమిషం రెండు నిమిషాల్లో చేరతాయి. అవతలివారు వాటిని చదువుతూ ఉండగా సన్న ముక్కలు వెనకాలే వస్తాయి. అన్నీ తెగిపోయి వాట్సాపే గతి అయితే, డైకామ్ ఫోల్డరును జిప్ చేసి 'డాక్యుమెంట్' కింద పంపండి. అలా పంపితే కుదించదు. అది అత్యవసరానికి మాత్రమే.

నెట్, సాఫ్ట్‌వేర్ వారం రోజుల్లో కుదురుతాయి. మీరు ఏళ్ళ తరబడి పట్టుబట్టి చేయించాల్సింది వేరే ఉంది. బొమ్మతో పాటు మనిషి వివరం రావాలి. మాకు వచ్చే రిక్వెస్టు ఫారాల్లో ఎక్కువ వాటి మీద 'నొప్పి' అనో 'సీటీ బ్రెయిన్' అనో ఉంటుంది, అంతే. మీరు కనిగిరిలో ఉన్నారు కాబట్టి ఇది మీకు ఇంకా ముఖ్యం.

కనిగిరి దగ్గరి ఒక పల్లె నుంచి యాభై ఎనిమిదేళ్ళ రైతు. నడుము వంగదు, మెడ తిరగదు. ఎక్స్‌రే తీయించుకుంటే బొమ్మ దూరాన ఉన్న ఒక పెద్ద నగరానికి వెళ్ళింది. అక్కడ చదివినవారు వెన్నెముక, కటి ఎముకలు అన్నీ సుద్దలా తెల్లగా ఉండటం చూసి, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందేమో, వెంటనే చూడాలి అని రాశారు. ఆ కుటుంబం గొడ్లను అమ్ముకుని చెన్నై బయల్దేరే ముందు ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చారు. నేను ఆయన్ని నోరు తెరవమన్నాను. గార పళ్ళు. మీ ఊళ్ళో ఏ నీళ్ళు తాగుతారని అడిగాను. చిన్నప్పటి నుంచి బోరు నీళ్ళే. ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయించాను. రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి, అంచున ముళ్ళలాగా పెరిగి ఉంది. అది ఫ్లోరోసిస్ గుర్తు, నీటిలోని ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి ఒంట్లో చేరి వచ్చే జబ్బు. ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానానికి చేసే పీఎస్ఏ రక్త పరీక్ష కూడా చేయించాను, మామూలుగా వచ్చింది.

ఆ నగరంలో చదివిన డాక్టరును నేను తప్పు పట్టను. తెల్లటి ఎముకలు చూసిన వాళ్ళకు ఆ వయసు మగవాడిలో ముందు అదే తోస్తుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. కనిగిరి, పొదిలి చుట్టుపక్కల బోర్లలో అది దాటిన ఊళ్ళు ఎన్నో ఉన్నాయని మనకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఆ నగరంలో చదివినవారికి అది ఎవరూ చెప్పలేదు. ఫారంలో 'కనిగిరి మండలం, బోరు నీళ్ళు, గార పళ్ళు' అని ఆరు ముక్కలు రాసి ఉంటే ఆ రిపోర్టు వేరేగా వచ్చేది. ఇలాంటి మనుషులకు వెన్ను ఎక్స్‌రే తీసినప్పుడు ముంజేయి కూడా ఒకటి తీసి పంపే అలవాటు చేసుకోండి. అలాగని 'ఫ్లోరోసిస్ కదా' అని మేమూ తొందరపడకూడదు. ఫ్లోరోసిస్ ఉన్న మనిషికి క్యాన్సర్ రాకూడదని ఏమీ లేదు.

మార్కాపురం వైపు పలకల పనిచేసిన వాళ్ళు, చీమకుర్తి గ్రానైట్ కోతలో, క్రషర్లలో పనిచేసిన వాళ్ళు కూడా మీ దగ్గరికి వస్తుంటారు. ఊపిరితిత్తుల పైభాగంలో చిన్న చిన్న గింజల్లా కనిపిస్తే దూరాన ఉన్నవారు క్షయ అని రాస్తారు. రాయి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ కూడా అచ్చం అలాగే ఉంటుంది. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ త్వరగా పట్టుకుంటుంది కాబట్టి రెండూ కలిసి ఉండొచ్చు. కాబట్టి కఫం పరీక్ష మానకండి, కానీ 'ఏం పని చేశాడు, ఎన్నేళ్ళు చేశాడు' అన్నది ఫారంలో రాయండి. వీలైతే పాత ఎక్స్‌రే కూడా పంపండి. రెండేళ్ళ కింద కూడా అలాగే ఉంటే, మేం రాసే మాటే మారిపోతుంది.

మీ టెక్నీషియన్ చేత ఫారంలో ఈ ఐదు సంగతులు రాయించండి: ఏం బాధ, ఎప్పటి నుంచి, ఏ పక్క, ఏం పని, ముందు ఏమైనా ఆపరేషనో జబ్బో ఉందా. తలకు దెబ్బ అయితే ఎన్ని గంటలకు తగిలింది, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడా అన్నది తప్పకుండా. అతను తెలుగులో రాసి ఫోటో తీసి పంపినా మాకు చాలు.

పేర్ల గురించి కూడా చెప్పాలి. ఒకే రోజు ఒకే మండలం నుంచి ఇద్దరు రమణమ్మలు, ఇద్దరూ యాభై ఐదేళ్ళ వాళ్ళే వచ్చిన సందర్భం నాకుంది. ఒకరి రిపోర్టు ఇంకొకరి ఫైల్లో పడింది. ఫోన్ చేసి అడగబట్టి సాయంత్రంలోపు బయటపడింది. యంత్రంలో పేరు కొట్టేటప్పుడు ఇంటిపేరు, మీ ఆసుపత్రి నంబరు రెండూ ఉండాలి. రిపోర్టు వచ్చాక పేరు చూసి ఇవ్వకుండా నంబరు చూసి ఇవ్వండి. ఎక్స్‌రేకు కుడి ఎడమ గుర్తు తీసేటప్పుడే సీసం అక్షరంతో పెట్టాలి. తరవాత కంప్యూటర్లో అంటించే గుర్తు మీద నాకు నమ్మకం లేదు, బొమ్మ తిరగబడి ఉంటే ఆ గుర్తు తప్పు పక్కన పడుతుంది.

పక్షవాతం గురించి కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే దూరం నుంచి చదవడం వల్ల మనకు నిజంగా దక్కేది అక్కడే. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఇవ్వాలంటే ముందు మెదడులో రక్తస్రావం లేదని స్కాన్ చూసి చెప్పాలి. మన దగ్గర ముందు పసరు మందుకు వెళ్ళి, తరవాత ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళి, అప్పుడు మీ దగ్గరికి వస్తారు. అక్కడే రెండు గంటలు పోతాయి. అక్కడి నుంచి ఒంగోలుకు ఎనభై కిలోమీటర్ల పైచిలుకు, అందులో ఇంకో రెండు గంటలు. మీ స్కాన్‌ను పది నిమిషాల్లో చదివించి, న్యూరాలజిస్టుతో ఫోన్లో మాట్లాడి, ఇంజెక్షన్ మీ దగ్గరే మొదలుపెట్టి అంబులెన్సు ఎక్కిస్తే ఆ మనిషి చెయ్యి తిరిగి లేవొచ్చు. దీనికి మీరు, మీ నర్సులు ముందుగా శిక్షణ తీసుకోవాలి, బీపీ, షుగర్ చూసే పట్టిక గోడ మీద ఉండాలి. ఒక మాట గుర్తుంచుకోండి. మొదటి గంటల్లో స్కాన్ మామూలుగా కనిపించడం పక్షవాతం లేదని చెప్పడం కాదు. రక్తస్రావం లేదని మాత్రమే. 'స్కాన్ నార్మల్' అని రిపోర్టు వస్తే ఇంటికి పంపేసిన వాళ్ళను నేను చూశాను.

2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు దగ్గర హైవే తెగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు కావలి వైపు నుంచి నెల్లూరుకు మనిషి వచ్చే దారి లేదు. బొమ్మలు మాత్రం వచ్చాయి. ఎవరిని ఉన్నచోటే ఉంచొచ్చు, ఎవరిని వెంటనే ఒంగోలుకు తిప్పాలి అన్నది ఇక్కడ కూర్చుని చెప్పగలిగాం. ఈ పని మీద నాకున్న ప్రేమకు ఆ రోజులు కూడా ఒక కారణం.

రిపోర్టు ఎవరు ఇస్తున్నారో చూడండి. సంతకం కింద రేడియాలజీ డిగ్రీ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆయన్ని ఒకసారి ఫోన్లో పలకరించండి. కొన్ని చోట్ల చదివేది ఎవరో, అంటించే సంతకం ఇంకెవరిదో. ఒప్పందంలో అత్యవసర కేసుకు ఎన్ని నిమిషాలు, మామూలు కేసుకు ఎన్ని గంటలు అని రాయించుకోండి. ప్రాణం మీదకు వచ్చేది ఏదైనా కనిపిస్తే రిపోర్టు కోసం ఆగకుండా ఫోన్ చేసి చెప్పాలన్నది కూడా. రాత్రి రెండు గంటలకు ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారో మీ వైపు కూడా తేల్చుకోండి. పెద్ద రక్తస్రావం చూసి నేను మూడుసార్లు ఫోన్ చేసినా అవతల ఎవరూ ఎత్తని రాత్రులు ఉన్నాయి.

టెక్నీషియన్ సొంత ఫోన్లో రోగుల స్కాన్లు ఉండటం ఇక ఆపేయండి. అతను ఉద్యోగం మానితే అవన్నీ అతనితోనే వెళ్ళిపోతాయి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, బాధ్యత ఆసుపత్రి మీద ఉంటుంది.

అల్ట్రాసౌండ్ గురించి: వద్దు. సీటీలో యంత్రం మొత్తం తీస్తుంది, చదివేవారు తరవాత ఎటైనా తిప్పి చూడొచ్చు. అల్ట్రాసౌండ్‌లో చెయ్యి ఎక్కడ పెట్టారో అదే కనిపిస్తుంది. పెట్టని చోట ఉన్న రాయి బొమ్మలో ఉండదు. ఇక గర్భిణుల స్కాన్ 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులో బిడ్డ ఆడా మగా అని చెప్పడాన్ని నిషేధించే చట్టం) కిందకు వస్తుంది. అర్హత ఉన్న డాక్టరు, రిజిస్టరైన చోట, స్వయంగా చేయాలి. వారానికి రెండు రోజులైనా ఒక సోనాలజిస్టును రప్పించుకోండి.

మీరు అడగలేదు గానీ, కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (బొమ్మలో తేడాలు స్పష్టంగా కనిపించేందుకు ఇచ్చే మందు) ఇచ్చి తీసే స్కాన్లు డాక్టరు పక్కన లేకుండా చేయించొద్దు. ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడండి, ఎలర్జీ అడగండి. గదిలో అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి. పెద్దవాళ్ళకు తీవ్రమైన రియాక్షన్ వస్తే అర మిల్లీగ్రాము తొడ కండలో వెంటనే ఇవ్వాలి. నెల్లూరులో కూర్చున్న నేను బొమ్మ చదవగలను, ఆ ఇంజెక్షన్ ఇవ్వలేను.

మొదలుపెట్టే ముందు ఒక వారం పాటు, రిపోర్టు ఇప్పటికే తెలిసిన పది పాత కేసులు పంపి చూడండి. బొమ్మలు లెక్క సరిపోయి చేరాయా, రెండు వైపులా ఒకే సంఖ్య ఉందా, ఎన్ని నిమిషాలు పట్టింది, రిపోర్టులో ఏం రాశారు అన్నది ఒక నోటుబుక్కులో రాయించండి. అందులో ఒకటి ఫ్లోరోసిస్ కేసు పెట్టండి, ఒకసారి వివరం లేకుండా, ఇంకోసారి వివరంతో.